సాఫ్ట్‌వేర్ జాబ్‌కి ఏ ఊరు? జీతం, అద్దె, పొద్దున నడక మూడూ కుదిరేలా ఎంచుకోవడం ఎట్లా: అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళ కోసం

ఆఫర్లు వచ్చే సీజన్ మొదలైందంటే చాలు, కాలేజీ జూనియర్లలోనో బంధువుల పిల్లల్లోనో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "అన్నా, బెంగళూరులో ఒకటొచ్చింది, హైదరాబాద్‌లో ఒకటొచ్చింది, ఏది తీసుకోమంటావ్?" పది నిమిషాల ఫోన్‌లో తేలేది కాదిది, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా. మాది అనంతపురం. బెంగళూరులో ఆరేళ్ళు, హైదరాబాద్‌లో మూడేళ్ళు చేసినా, ఇప్పుడు మళ్ళీ బెంగళూరే. పొద్దున గంటసేపు బయట తిరగకపోతే నాకు ఆ రోజు రోజులా ఉండదు, మీకూ అట్లాంటి అలవాటుంటే ఇది మీ కోసమే.

స్టెప్పులు ఇదే వరసలో చేయండి. చాలామంది ఐదో స్టెప్‌తో, అంటే ఇళ్ళ ఫోటోలు చూడటంతో మొదలుపెడతారు, అక్కడే లెక్క తప్పుతుంది.

1. ముందు ఒక కాగితం మీద గీతలు గీసుకోండి

ఆఫర్ లెటర్ ముందేసుకోకుండా, ఒక సాయంత్రం కూర్చుని ఇవి రాయండి. పెళ్ళైన వాళ్ళైతే ఇద్దరూ కలిసే రాయండి.

- ఇంటికి పంపేది, పాత లోన్లు పోయాక నెలకి కనీసం ఎంత మిగలాలి
- ఆఫీసుకి ఒక వైపు ఎక్కువలో ఎక్కువ ఎన్ని నిమిషాలు
- వారంలో ఎన్ని రోజులు బయట తిరగాలి, ఏం చేస్తారు (నడక, సైకిల్, ట్రెక్, ఈత)
- నెలకి ఎన్నిసార్లు ఊరికి రావాలి
- ఎండ, చెమట, చలి, వీటిలో ఒంటికి ఏది పడదు
- పిల్లల స్కూలు, అమ్మానాన్నల ఆస్పత్రి లాంటి తప్పనిసరివి

ఎక్సెల్ షీట్‌లో జీతానికి 40 మార్కులు, ఇంటికి 30, తిరగడానికి 30 అని వేసేవాళ్ళని చాలామందిని చూసినా. మనసు ఆల్రెడీ ఒక ఊరి మీద ఉంటాది, ఆ ఊరు గెలిచేదాకా మార్కులు అటూ ఇటూ జరుపుతారు, చివరికి షీట్ చెప్పింది అంటారు. అందుకే మార్కులొద్దు, గీత గీయండి. నెలకి 30 వేలు మిగలాలి అని రాసుకుంటే, 24 వేలే మిగిలే ఊళ్ళో ఎంత మంచి చెరువున్నా దాన్ని పక్కన పెట్టేయండి. గీతలన్నిటికీ సరిపోయిన ఊళ్ళనే ఒకదానితో ఒకటి పోల్చండి.

2. సీటీసీని చేతికొచ్చే డబ్బుగా మార్చండి

సీటీసీ అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. 18 లక్షల ప్యాకేజీ అంటే నెలకి లక్షన్నర అని ఇంట్లో చెప్పేస్తారు, నాన్న పక్కింటాయనకి కూడా చెప్పేస్తాడు. అంత రాదు. ఎట్లా తగ్గుతుందో ఒకసారి చేసి చూపిస్తా. వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) 10 శాతం, బేసిక్ (మూల వేతనం) సీటీసీలో సగం అనుకుందాం.

- వేరియబుల్ తీసేయండి: 1,80,000 (వస్తే వచ్చినట్టు, దాన్ని నమ్ముకుని అద్దె ఒప్పుకోవద్దు)
- కంపెనీ వాటా పీఎఫ్, బేసిక్ 9 లక్షల మీద 12 శాతం: 1,08,000
- గ్రాట్యుటీ, బేసిక్‌లో 4.81 శాతం: 43,290
- ఇక్కడికి మిగిలింది: 14,68,710
- మీ వాటా పీఎఫ్: ఇంకో 1,08,000
- ఇన్‌కమ్ టాక్స్, కొత్త విధానంలో 2025-26 స్లాబుల ప్రకారం, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా సెస్‌తో కలిపి: సుమారు 92,600
- ప్రొఫెషనల్ టాక్స్: సుమారు 2,400

చేతికొచ్చేది నెలకి లక్షా ఐదున్నర వేల దగ్గర. ఇదే పద్ధతిలో 16 లక్షల ఆఫర్‌ని లెక్కేస్తే, వేరియబుల్ కలపకుండా, నెలకి 98 వేల దగ్గర వస్తాది. 12 లక్షలు కాస్త దాటిన ఆదాయానికి టాక్స్‌లో ఇచ్చే మార్జినల్ రిలీఫ్ అనే తగ్గింపు కూడా దీంట్లో కలిసొచ్చింది. అంటే కాగితం మీద 2 లక్షల తేడా కనిపిస్తే, నెల చివర చేతిలో తేడా ఏడున్నర వేలే. ఒక ఊళ్ళో ఇల్లు ఇంకో ఊరి కంటే 8 వేలు ఎక్కువైతే ఆ పెద్ద ఆఫర్ అక్కడికక్కడే చిన్నదైపోతుంది.

కొన్ని కంపెనీలు పీఎఫ్‌ని నెలకి 1,800 దగ్గర ఆపుతాయి, అప్పుడు చేతికి ఎక్కువొస్తాది, దాచేది తగ్గుతుంది. కాబట్టి రెండు ఆఫర్లనీ ఒకే పద్ధతిలో లెక్కేయండి. ఇంకొక ముఖ్యమైన విషయం, కొత్త టాక్స్ విధానంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు లేదు. అద్దె ఎక్కువ కడితే టాక్స్ తగ్గుతుందిలే అనే పాత ధైర్యం దీంట్లో పనిచేయదు.

హెచ్‌ఆర్‌ని అడగాల్సినవి: పోయినేడాది వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు, ఎన్నాళ్ళ లోపు మానేస్తే జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టాలి, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలి, ఏ బిల్డింగ్. జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి.

3. రెండో ఉద్యోగం దొరుకుతుందా చూడండి

ఊరు మారేది ఒక్క కంపెనీ కోసం కాదు. ఆ కంపెనీలో తేడా వస్తే అదే ఊళ్ళో ఇల్లు మారకుండా ఇంకోటి దొరకాలి. నౌకరీలో, లింక్డ్‌ఇన్‌లో మీ స్కిల్, మీ ఎక్స్‌పీరియన్స్, ఆ ఊరు పెట్టి వెతకండి. వచ్చిన పోస్టులు లెక్కపెట్టొద్దు, కంపెనీలు లెక్కపెట్టండి, ఎందుకంటే ఒకే ఉద్యోగాన్ని పది కన్సల్టెన్సీలు వేస్తాయి. మీకు సరిపోయే కంపెనీలు పది కూడా తేలకపోతే ఆ ఊళ్ళో ఇల్లు కొనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. అద్దెకుండి చూడొచ్చు.

4. ఊరు కాదు, ఆఫీసు గేటు చూడండి

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా. మొదటిసారి బెంగళూరు పోయినప్పుడు ఊరికి దగ్గరని యలహంక వైపు ఇల్లు తీసుకున్నా, అనంతపురం బస్సు ఆ రోడ్డు మీదే వస్తాది కదా అని. ఆఫీసేమో ఎలక్ట్రానిక్ సిటీలో. ఊరికి ఆ చివర, ఈ చివర. పొద్దున ఏడింటికి బయల్దేరితే తొమ్మిది, రాత్రి ఇల్లు చేరేసరికి వండుకునే ఓపిక కూడా ఉండేది కాదు. ఇష్టంగా కొనుక్కున్న సైకిల్ బాల్కనీలో అట్లే ఉండిపోయి చైన్ ఎర్రగా తుప్పు పట్టింది. ఆర్నెల్లు పోయాక ఆ చైన్ చేత్తో తిప్పితే కదల్లేదు, ఆ రోజే ఇల్లు మారాలని డిసైడ్ అయినా.

కాబట్టి ముందు ఆఫీసు గేటు మ్యాప్‌లో పెట్టుకోండి. దాని చుట్టూ మీ నిమిషాల గీత లోపల వచ్చే ఏరియాలు నాలుగైదు రాసుకోండి. మ్యాప్‌లో ఆదివారం మధ్యాహ్నం చూసే టైం కాదు, మంగళవారం పొద్దున 9 గంటలకి చేరేలా పెట్టి చూడండి, సాయంత్రం 6:30కి బయల్దేరేలా ఇంకోసారి.

మెట్రో ఉంటే ఏరియా ఎంత దూరమైనా లెక్క మారిపోతుంది. బెంగళూరులో పర్పుల్ లైన్ 2023 అక్టోబర్ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర పోయే ఎల్లో లైన్ 2025 ఆగస్టులో వచ్చింది. హైదరాబాద్‌లో నాగోల్ నుంచి వచ్చే మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగుతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసైతే అక్కడి నుంచి ఇంకో బండి పట్టాలి, ఆ నిమిషాలు, ఆ డబ్బులు కూడా కలపండి.

5. ఇల్లు: అద్దె ఒక్కటే కాదు

ఇంటి ఖర్చంటే ఇవన్నీ కలిపి చూడండి:

- అద్దె, నెల మెయింటెనెన్స్
- డిపాజిట్, అది ఎన్నాళ్ళు ఇరుక్కుపోతుందో
- నీళ్ళ ట్యాంకర్ ఖర్చు ఎవరిది
- ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో కోసేది
- కరెంటు, జనరేటర్ యూనిట్ రేటు
- ఏడాదికి అద్దె పెంపు ఎంత శాతమని అగ్రిమెంట్‌లో రాశారు

బెంగళూరులో డిపాజిట్ పాత అలవాటు ప్రకారం పది నెలలు అడిగేవాళ్ళు, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకి దిగారు. హైదరాబాద్‌లో ఎక్కువగా రెండు నెలలే. నెలకి 35 వేల ఇంటికి ఆరు నెలల డిపాజిట్ అంటే 2,10,000 వడ్డీ లేకుండా ఓనర్ దగ్గర ఉంటాది. కొత్తగా చేరేవాళ్ళకి మొదటి జీతం రాకముందే ఇంత కట్టాలి, ఊళ్ళో అప్పు చేసి కట్టే పరిస్థితి రాకుండా ముందే చూస్కోండి.

నీళ్ళ సంగతి మన సీమ వాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు, అయినా సిటీ పోయేసరికి అడగడం మర్చిపోతాం. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లెండిపోయి పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా ట్యాంకర్ల కోసం వరసలో ఉన్నారు. ఇల్లు చూడటానికి పోయినప్పుడు బ్రోకర్ హాలు, బాల్కనీ చూపిస్తుంటాడు, మీరు కిందకి దిగి వాచ్‌మన్‌తో రెండు నిమిషాలు మాట్లాడండి. "అన్నా, ఎండాకాలం రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి?" అని అడగండి. సంపు పక్కన నేల ఎప్పుడూ తడిగా ఉండి, ట్యాంకర్ టైర్ల జాడలు గేటు దాకా పడుంటే ఆయన చెప్పకపోయినా మీకు అర్థమైపోతుంది.

కొనే విషయం పొట్టిగా చెప్తా: మొదటి ఏడాది కొనొద్దు. 50 లక్షల లోన్, 20 ఏళ్ళు, 8.5 శాతం వడ్డీ అంటే నెలకి ఈఎంఐ సుమారు 43,400. ఇంత కడుతూ ఉంటే నచ్చని ఉద్యోగం వదల్లేరు, నచ్చని ఏరియా కూడా వదల్లేరు. తర్వాత కొనాలనుకున్నప్పుడు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, కార్పెట్ ఏరియా, బెంగళూరైతే మున్సిపల్ రికార్డులో ఆస్తి ఏ-ఖాతానా బి-ఖాతానా, రిజిస్ట్రేషన్ ఖర్చు, ఇవన్నీ వేరే పెద్ద పని, దానికి లాయర్‌ని పెట్టుకోండి.

6. బుధవారం పరీక్ష, ఆదివారం పరీక్ష

అందరూ తప్పేది ఇక్కడే. ఊరు ఎంచుకునేటప్పుడు నంది కొండ ఫోటో చూస్తారు, అరకు ఫోటో చూస్తారు, చేరాక ఏడాదికి రెండుసార్లు పోతారు. మీ ఆరోగ్యం, మీ మనసు బాగుండేది ఏడాదికి రెండుసార్లు చూసే కొండ వల్ల కాదు, బుధవారం పొద్దున ఆరింటికి చెప్పులేసుకుని పోగలిగే చోటు వల్ల.

అందుకని రెండు ప్రశ్నలు విడివిడిగా రాయండి.

బుధవారం ప్రశ్న: ఇంటి నుంచి 15 నిమిషాల్లో నడవడానికో సైకిల్‌కో చెట్లున్న చోటు ఉందా? అక్కడికి పోయే దారిలో ఫుట్‌పాత్ ఉందా, కుక్కల గోల ఎట్లుంది, ఆడవాళ్ళు చీకటితో ఒక్కరే పోతున్నారా?

ఆదివారం ప్రశ్న: రెండు గంటల్లో చేరే కొండో అడవో నీళ్ళో ఏడాదిలో ఎన్ని నెలలు తిరిగేలా ఉంటాది?

మొదటిది అవును అయితేనే రెండోది చూడండి. రెండోది ఎంత బాగున్నా మొదటిదాన్ని పూడ్చలేదు.

నేనిప్పుడు బెంగళూరు ఉత్తరం వైపు జక్కూరు చెరువు దగ్గర ఉంటున్నా. పొద్దున ఆరుంపావుకి కట్ట మీద నడుస్తుంటే గూడబాతులు నీళ్ళ మీద తేలుతూ ముక్కులు ఒక్కసారిగా ముంచి పైకి లేపుతాయి, ఆ పొద్దు సగం పని ఒత్తిడి అక్కడే పోతుంది. దీనికి టికెట్ లేదు, లీవ్ పెట్టే పని లేదు. ఆఫీసు ఆ దగ్గర్లోనే మాన్యతా టెక్ పార్కులో కాబట్టి కుదిరింది, అదే ఆఫీసు ఊరికి ఇంకో వైపున్న బెల్లందూరులో ఉంటే ఈ చెరువు నాకు లేనట్టే.

7. సొంతూరి దారి లెక్కలో పెట్టండి

మనవాళ్ళు ఇది మనసులో పెట్టుకుంటారు కానీ కాగితం మీద రాయరు. నెలకి రెండుసార్లు ఊరికి పోయేవాళ్ళైతే అది జీతమంత ముఖ్యం.

అనంతపురం వాళ్ళకి బెంగళూరు 44వ నంబరు హైవే మీద సుమారు 215 కిలోమీటర్లు, దారి దేవనహళ్ళి, యలహంక, హెబ్బాళ వైపు నుంచి లోపలికొస్తుంది. అంటే ఉత్తరం వైపు ఆఫీసు దొరికితే శుక్రవారం రాత్రి ఊరు దాటే గంటన్నర మిగిలిపోతుంది. పెనుకొండ కోట, గుత్తి కోట, లేపాక్షి కూడా వీకెండ్ లిస్టులో ఉంటాయి, ఆదివారం పొద్దునే ఎండ ముదరక ముందు కోటెక్కి, కిందకొచ్చి ఉగ్గాని బజ్జీ తిని, మధ్యాహ్నానికి ఇంట్లో ఉండొచ్చు.

కర్నూలు వాళ్ళకి హైదరాబాద్ కూడా సుమారు అంతే దూరం, దారి శంషాబాద్ వైపు నుంచి లోపలికి పోతుంది, అక్కడ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి వైపు ఊళ్ళోకి దిగకుండానే చేరొచ్చు. ఇంటికొచ్చిన వారం ఓర్వకల్లు రాళ్ళ తోట, యాగంటి, బెలుం గుహలు ఉన్నాయి. కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య వందే భారత్ 2023 సెప్టెంబర్ నుంచి కర్నూలు, అనంతపురం రెండు చోట్లా ఆగుతోంది, ఇంటి నుంచి పనిచేస్తూ అప్పుడప్పుడు ఆఫీసుకి పోయేవాళ్ళకి అది బాగా పనికొస్తాది.

కడప వాళ్ళ లెక్క వేరు. రైలు దారి చూస్తే ముంబై-చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్నారు, కాబట్టి రేణిగుంట మీదుగా చెన్నై మిగతావాళ్ళ కంటే మీకే దగ్గర. బెంగళూరుకి రాయచోటి, మదనపల్లె మీదుగా బస్సు. హైదరాబాద్ మాత్రం మైదుకూరు, నంద్యాల, కర్నూలు దాటి పోవాలి, ఒక రాత్రి ప్రయాణం, ప్రతి రెండు వారాలకి అది చేస్తానని ఇప్పుడు అనిపిస్తుంది గానీ ఆరు నెలల తర్వాత ఒళ్ళు ఒప్పుకోదు. ఇంటికి పోతే గండికోట, లంకమల, హార్స్‌లీ కొండలు మీ వైపే ఉన్నాయి కాబట్టి సిటీలో ఆదివారం ప్రశ్న మీద మరీ పట్టుబట్టక్కర్లేదు.

8. ఊళ్ళ మీద నా అభిప్రాయం

బెంగళూరు: రెండో ఉద్యోగం విషయంలో దీనికి సాటి లేదు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైనుండటం వల్ల ఏప్రిల్‌లో కూడా పొద్దున నడవొచ్చు. నంది కొండ, సావనదుర్గ, రామనగర దగ్గర్లోనే. ట్రెక్‌లకి చాలావాటికి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, శుక్రవారం రాత్రి అనుకుంటే దొరకదు. అద్దె, డిపాజిట్, ట్రాఫిక్ మూడూ నొప్పే.

హైదరాబాద్: డబ్బులు మిగలాలి, ఇల్లు విశాలంగా ఉండాలి, మన భాష వినపడాలి అనేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే. కేబీఆర్ పార్కు, దుర్గం చెరువు, ఖాజాగూడ రాళ్ళు, అవుటర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ ఉన్నాయి, సైకిల్ తొక్కేవాళ్ళకి అంత భద్రంగా తొక్కే చోటు బెంగళూరులో నాకు దొరకలేదు. వికారాబాద్ అనంతగిరి వర్షాకాలం బాగుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం ఏడింటికల్లా ఇంటికొచ్చేయాలి.

చెన్నై: కడప వాళ్ళు తప్పకుండా లిస్టులో పెట్టండి. సముద్రం బుధవారం ప్రశ్నకి మంచి జవాబు, ఉక్కపోత మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు. చెమట పడని వాళ్ళు మే నెలలో ఒకసారి పోయి చూసి రండి.

పుణె: ట్రెక్కింగే ప్రాణం అనేవాళ్ళకి సింహగడ్, రాజ్‌గడ్, తోర్ణా కోటలు వానల్లో చూడాల్సినవి. గుంతకల్ మీదుగా రైళ్ళున్నాయి, కానీ నెలకి రెండుసార్లు ఇంటికి అంటే కష్టం.

విశాఖ: సముద్రం, కంబాలకొండ అడవి ఊళ్ళోనే ఉన్నాయి, బయట తిరగడానికి నా లెక్కలో మొదటిది ఇదే. కంపెనీలు వస్తున్నాయి, అయినా మూడో స్టెప్‌లో చెప్పిన పరీక్ష ఇక్కడ ఇంకా గట్టిగా చేయండి. సీమ నుంచి దూరం కూడా ఎక్కువ.

సొంతూరే: పూర్తి రిమోట్ దొరికితే అనంతపురంలోనో కడపలోనో ఉండి చేయడం చాలా మంచి ఆప్షన్. రిమోట్ అని ఆఫర్ లెటర్‌లో రాసుండాలి, మేనేజర్ నోటి మాట సరిపోదు. రెండు వేర్వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు, ఒక ఇన్వర్టర్, తలుపేసుకునే గది, ఈ మూడు లేకుండా మొదలుపెట్టొద్దు.

9. వెళ్ళి రెండు రోజులు ఉండండి

హోటల్ ఆఫీసు దగ్గర కాదు, మీరు ఇల్లు తీసుకోవాలనుకున్న ఏరియాలో తీసుకోండి. వీకెండ్ వద్దు, మంగళ, బుధవారాలు పోండి.

- పొద్దున 6కి: నడిచే చోటుకి ఇంటి దగ్గర నుంచి నడిచే పోండి
- 8:30కి: ఆఫీసు గేటు దాకా నిజంగా ప్రయాణం చేసి టైం రాసుకోండి
- మధ్యాహ్నం: మూడు ఇళ్ళు చూసి, మూడింటి వాచ్‌మన్‌లతో మాట్లాడండి
- సాయంత్రం 6:30కి: తిరుగు ప్రయాణం
- రాత్రి 9:30కి: కూరగాయలు, మెడికల్ షాపు, వీధి లైట్లు చూసుకుంటూ ఒక రౌండ్

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

ఫ్రెండ్స్ ఉన్నారని వాళ్ళ ఏరియాలోనే ఇల్లు తీసుకోవడం: మొదటి నెల వాళ్ళ దగ్గర ఉండండి, అగ్రిమెంట్ మాత్రం మీ ఆఫీసు చూసుకునే రాయించుకోండి.

ఏడాది లాక్-ఇన్ (ఆ లోపు ఖాళీ చేయకూడదనే షరతు) ఉన్న అగ్రిమెంట్ మీద సంతకం: మూడు నెలలకి తగ్గించమని అడగండి, చాలామంది ఓనర్లు అడిగితే ఒప్పుకుంటారు. ఆల్రెడీ సంతకం పెట్టేసి ఉంటే మీ బదులు ఇంకో అద్దెదారుని తెచ్చిస్తానని మాట్లాడండి.

డిపాజిట్‌లో కోత: చేరిన రోజే గోడలు, కుళాయిలు, గీజర్ అన్నీ వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి, తేదీతో సహా అక్కడే ఉంటాది.

తప్పు ఊరు ఎంచుకున్నామని తేలడం: ముందు ఊరు మారొద్దు, ఏరియా మారి చూడండి. నాకు బెంగళూరు మీద ఉన్న కోపం సగం ఎలక్ట్రానిక్ సిటీ ప్రయాణం మీద కోపమే అని ఏరియా మారాక తెలిసింది.

11. చేరాక ఆరో నెలలో

మొదటి స్టెప్‌లో రాసిన కాగితం పారేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఆరో నెలలో దాన్ని తీసి నిజం అంకెలు పక్కన రాయండి: నెలకి ఎంత మిగిలింది, ఒక వైపు ఎన్ని నిమిషాలు పట్టింది, పోయిన నాలుగు వారాల్లో ఎన్ని బుధవారాలు బయటికి పోయారు, ఊరికి ఎన్నిసార్లు వచ్చారు. ఒక్క గీత తప్పితే దాన్ని సరిచేసే పని చూడండి, రెండు తప్పితే కొత్త ఏరియాలో ఇళ్ళు చూడటం మొదలుపెట్టండి. 11 నెలల అగ్రిమెంట్ అయిపోయే లోపు ఇంకా ఐదు నెలలుంటాయి, ఓనర్‌కి నోటీసు ఇవ్వడానికి తొందరపడక్కర్లేదు.